జంపర్ అంటే దూకేది కాదర్రా

ఒరేయ్ చిన్నోడా, బుజ్జమ్మా,

మొన్న సెలవులకి చెన్నై వచ్చినప్పుడు అటక మీంచి, ఫోన్ లైన్ మీద కంప్యూటర్‌ని నెట్‌కి కలిపే నా పాత మోడెం కార్డు దింపి, ఈ బుల్లి నల్ల టోపీలేంటి తాతయ్యా అని అడిగారు కదా, ఇంతలో అమ్మమ్మ అన్నానికి పిలిచేసరికి సగంలో ఆగిపోయింది, మిగతాది ఇదిగో.

ఆ టోపీనే జంపర్ అంటారు. ప్లాస్టిక్ లోపల చిన్న రేకు ముక్క, అంతే. రెండు పిన్నులకి తొడిగితే కలుస్తాయి, పీకేస్తే విడిపోతాయి. మూడు పిన్నులుంటే మధ్యదాన్ని అటు కలపాలా ఇటు కలపాలా అన్నది చూసుకోవాలి.

ఇదంతా ఎందుకంటే, అప్పటి కార్డుకి తన ఇంటి నంబరు తనకే తెలీదు, మనమే చెప్పాలి, పనిపడితే ఏ బెల్లు కొట్టి ప్రాసెసర్‌ని పిలవాలో కూడా మనమే చెప్పాలి. ఆ బెల్లే ఐఆర్‌క్యూ. మౌస్, మోడెం లాంటివి కంప్యూటర్‌తో మాట్లాడే దారులకి కామ్1, కామ్3 అని పేర్లుండేవి. కామ్1 అయితే అడ్రస్, అంటే ఆ ఇంటి నంబరు, 3ఎఫ్8, బెల్లు 4. అంకెల మధ్య ఎఫ్ ఏంటంటారేమో, 16 చొప్పున లెక్కపెట్టేటప్పుడు అది 15కి గుర్తు, మొత్తం విప్పితే 1016 వస్తుంది, వేసి చూడండి. కామ్3కి అడ్రస్ వేరు, 3ఇ8, కానీ బెల్లు మాత్రం మళ్ళీ 4. తిరకాసంతా అక్కడే!

నేను రిచీ స్ట్రీట్‌లో ఆ మోడెం కొని కామ్3కి పెట్టా, మౌస్ అప్పటికే కామ్1లో ఉంది, అడ్రస్‌లు వేరు కదా అని ధీమా. మోడెం కుయ్యోమని డయల్ చెయ్యగానే మౌస్ బాణం కొయ్యబారిపోయేది. రెండు రాత్రులు మౌస్‌నే తిట్టుకుంటూ దాని అడుగు మూత విప్పి, లోపలి బంతిని సబ్బుతో కడిగి, దూది తీసి, ఏం చేసినా అంతే. ఆ పాత బోర్డుల్లో ఒకే బెల్లు ఇద్దరు కొడితే ఒకళ్ళ గోల వినపడదని మూడోనాడు వెలిగింది. సౌండ్ కార్డు లేదు కాబట్టి 5 ఖాళీ. ప్లగ్ పీకేసి, క్యాబినెట్ ఇనుము ఓసారి ముట్టుకుని, అమ్మమ్మ ట్వీజర్‌తో టోపీని 4 నుంచి 5కి మార్చా, విండోస్‌లో కూడా 5 అని చెప్పా. కుదిరింది. ట్వీజర్ వంగిందని తిట్లు వేరే.

బుజ్జమ్మా, ఒక టోపీ ఒక్క పిన్నుకే వేలాడుతోంది, విరిగిందా అన్నావు కదా, విరగలేదమ్మా, ఒక్క పిన్నుకుంటే తీసేసినట్టే లెక్క, ఊడితే మంచం కింద దొరకదని నేనే అలా తగిలించి ఉంచా.

మీ తాతయ్య