వారానికి ఒక్క గంట చాలు

పని లేనివాళ్లందరూ నిరుద్యోగులు కారు. కనీసం లెక్కల్లో కారు. సర్వేవాళ్లు మూడు సంగతులు అడుగుతారు: కిందటి వారం అసలేమీ పని చేయలేదా, గత 4 వారాల్లో పని కోసం ప్రయత్నించారా, ఇప్పుడు పిలిస్తే వెళ్లగలరా? మూడింటికీ అవునంటేనే నిరుద్యోగి. విసిగిపోయి వెతకడం మానేసినవాళ్లు శ్రామికశక్తిలోంచే, అంటే పనిలో ఉన్నవాళ్లూ వెతుకుతున్నవాళ్లూ కలిసిన లెక్కలోంచే, బయటికి వెళ్లిపోతారు.

దీంతో ఓ తమాషా జరుగుతుంది. 100 మంది వయోజనుల్లో 54 మంది పనిలో ఉన్నారు, ఆరుగురు వెతుకుతున్నారు అనుకుందాం. నిరుద్యోగ రేటు కట్టేది 100 మీద కాదు, ఈ 60 మంది మీద. అంటే 10 శాతం. ఆరుగురిలో ముగ్గురు ఆశ వదులుకున్నారనుకోండి, 57 మందిలో ముగ్గురే మిగులుతారు: 5.3 శాతం. కొత్తగా ఒక్కరికీ ఉద్యోగం రాలేదు, రేటు మాత్రం దాదాపు సగానికి పడిపోయింది! నిరుద్యోగం తగ్గిందన్న వార్త కనిపిస్తే నేను ముందు పనిలో ఉన్నవాళ్ల సంఖ్య పెరిగిందా లేదా అని చూస్తాను.

మరి పని అంటే ఎంత? 1982లో అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సమావేశం ఆమోదించిన నిర్వచనం ప్రకారం వారంలో ఒక్క గంట కూలికో లాభానికో పనిచేసినా చాలు. వినగానే మోసంలా ఉంటుంది కానీ, దేశ ఉత్పత్తిలో ఆ గంట శ్రమ కూడా కలుస్తుంది కదా, దాన్ని వదిలేయలేరు. చిక్కల్లా ఈ రేటు ఒక్కటే చూసి ఊరుకోవడంలో ఉంది. నిరుద్యోగ భృతి ఇవ్వని దేశంలో పేదవాళ్లు ఖాళీగా కూర్చోలేరు, దొరికిన చిన్నాచితకా పనికి పోతారు. రేటు తక్కువగానే ఉంటుంది, ఇల్లు గడవదు.

అలాంటివాళ్లను పట్టుకోవడానికే అల్ప ఉద్యోగిత అనే లెక్క. పని గంటలు తక్కువై, ఇంకా చేయాలని ఉండి, అందుకు సిద్ధంగా ఉన్నవాళ్లు ఇందులోకి వస్తారు. చదువుకు తగని పనిలో ఇరుక్కున్నవాళ్లను కొలవడం మాత్రం ఇప్పటికీ తలనొప్పే.

ప్రశ్న అడిగే తీరు కూడా లెక్కను మార్చేస్తుంది. అమెరికాలో 1994కు ముందు సర్వేవాళ్లు మనిషిని చూసి ప్రశ్న మార్చేవారు. ఆడవాళ్లు కనిపిస్తే "ఎక్కువగా ఇంటిపనేనా?" అన్న ధోరణిలో అడిగేవారు. ఇంటిపని మధ్యలో కాసేపు సంపాదనకు చేసిన పని అలా జారిపోయేది. ఆ ఏడాది ప్రశ్నావళినే మార్చారు.

2020 ఏప్రిల్‌లో అదే దేశంలో నిరుద్యోగ రేటు 14.7 శాతంగా ప్రకటించారు. లాక్‌డౌన్‌లో పనులు ఆగి ఇంట్లో ఉన్న చాలామందిని "ఉద్యోగం ఉంది, సెలవులో ఉన్నారు" అని రాసుకున్నారు. వాళ్లను నిరుద్యోగుల్లో కలిపితే రేటు దాదాపు మరో 5 పాయింట్లు పెరిగేదని గణాంక సంస్థే చెప్పింది. అయినా నమోదైన జవాబులు దిద్దడం తమ పద్ధతి కాదంటూ ఆ 14.7నే ఉంచేసింది.