పీఎస్2 ఆటల ఇమేజ్‌లను ఎందుకు మార్చాల్సి వస్తోంది?

పాతబడ్డ ప్లేస్టేషన్ 2 (పీఎస్2) గేమ్ కన్సోల్‌లో తరచుగా మొరాయించేది డిస్క్‌ను చదివే లేజర్. మిగతా యంత్రం బాగానే ఉంటుంది, ఆట మాత్రం లోడ్ కాదు. అందుకే చాలామంది తమ డిస్కులను కంప్యూటర్‌లో కాపీ తీసి (ఈ కాపీ ఫైలే ఇమేజ్), పెన్‌డ్రైవ్ నుంచి నడిపించుకోవాలని చూస్తారు. తీరా చూస్తే ఆ ఫైల్ ఉన్నదున్నట్టు పనిచేయదు. దాన్ని మార్చాలి. ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది.

పీఎస్2 2000 మార్చి 4న జపాన్‌లో విడుదలైంది. దాని ఆటలు కొన్ని అడుగు నీలంగా ఉండే సీడీల మీద, ఎక్కువ భాగం డీవీడీల మీద వచ్చాయి. సీడీలో డేటా రాసే ఒక్కో ముక్క, అంటే సెక్టార్, 2352 బైట్లు. అందులో ఆట డేటా మామూలుగా 2048 బైట్లే. మిగతా చోటంతా సెక్టార్ చిరునామాకు, గీతలు పడినప్పుడు తప్పులు సరిదిద్దే కోడ్‌కు పోతుంది. బిన్, క్యూ ఫైళ్ల జంటగా తీసిన కాపీలో మొత్తం 2352 బైట్లూ ఉంటాయి, ఐఎస్ఓ అనే మరో రకం కాపీ ఫైల్‌లో 2048 మాత్రమే. పెన్‌డ్రైవ్ నుంచి ఆటను నడిపించే ప్రోగ్రామ్, అంటే లోడర్, అడిగేది ఐఎస్ఓనే కాబట్టి సీడీ ఆటలకు మార్పిడి తప్పదు.

డీవీడీకి ఆ బాధ లేదు, కానీ సైజుతో చిక్కు వస్తుంది. పెన్‌డ్రైవ్‌లలో ఫైళ్లను దాచే ఫ్యాట్32 పద్ధతిలో ఒక్క ఫైల్ 4 జీబీకి మించకూడదు. డీవీడీలో 4.7 జీబీ, రెండు పొరలదైతే 8.5 జీబీ దాకా పడుతుంది. యూఎస్‌బీ ఎక్స్‌ట్రీమ్ అనే పాత లోడర్ దీనికి దారి చూపింది: ఇమేజ్‌ను 1 జీబీ ముక్కలుగా కోసి, ఆ ముక్కల జాబితాను వేరే చిన్న ఫైల్‌లో రాసిపెట్టడం. తర్వాత వచ్చిన ఓపెన్ పీఎస్2 లోడర్ కూడా ఆ పద్ధతిని అందుకుంది. దాని కొత్త వెర్షన్లలో పెద్ద ఫైళ్లను పట్టే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి వీలు వచ్చాక ఈ కోత అవసరం తగ్గింది. అయినా పీఎస్2 యూఎస్‌బీ పోర్టులు 1.1 రకానివి, సెకనుకు 1.5 ఎంబీ మించవు. డిస్క్ డ్రైవ్ కంటే ఇది బాగా నెమ్మది, అందుకే వీడియో సన్నివేశాలు ఆగి ఆగి నడుస్తాయి. మార్పిడి సరిగా చేయలేదేమోనని కంగారు పడనక్కర్లేదు.

మొదట్లో ఇందుకోసం చాలామంది కన్సోల్ విప్పి, డిస్క్ తనిఖీని తప్పించే చిప్ టంకం వేయించేవారు. 2008లో వచ్చిన ఫ్రీ మెక్‌బూట్ అనే సాఫ్ట్‌వేర్‌తో మెమరీ కార్డు ఒక్కటే సరిపోయింది. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కొన్న ప్రోగ్రామ్‌కు రక్షణ కోసం బ్యాకప్ తీసుకోనిస్తుంది. 2012లో చేర్చిన సెక్షన్ 65ఏ మాత్రం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళాలు తప్పిస్తే శిక్ష అంటుంది. ఇతరుల కాపీలు దించుకోవడాన్ని నేను సమర్థించను. సొంత డిస్క్ సంగతి వేరు.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు ఎందుకంటే, 2009లో వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ పీఎస్2 కోసం తయారుచేసిన ఆట. మన ఊళ్లో పుట్టిన అలాంటి ఆట డిస్క్‌తోపాటే పోకూడదు. ఎవరి దగ్గరైనా ఆ డిస్క్ ఉంటే ముందు పూర్తి కాపీ తీసి భద్రపరచండి. కోతలు, మార్పిళ్లు దాని నకలు మీదే చేయండి. సీడీ ఆటలకైతే ఇది మరీ ముఖ్యం, విడిగా ఉన్న పాటల ట్రాకులు ఐఎస్ఓలోకి రావు.