కళ్లు తిరగడం వెనక చెవి

పిల్లలూ,

కళ్లు తిరుగుతున్నాయి అంటాం గానీ, చాలాసార్లు లోపం లోపలి చెవిలో ఉంటుంది.

వినడానికి అక్కడ నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఉంది. దాన్ని ఆనుకునే మూడు అర్ధవర్తుల కుల్యలు, అంటే సగం చక్రంలా వంగిన సన్నటి గొట్టాలు, వాటి నిండా ద్రవం. గిన్నెలో నీళ్లు పోసి గిన్నెను చటుక్కున తిప్పి చూడండి. గిన్నె తిరుగుతుంది, నీళ్లు క్షణం వెనకబడతాయి. తల తిప్పినప్పుడు కుల్యలో జరిగేదీ అదే. వెనకబడ్డ ద్రవం వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలను వంచుతుంది, మెదడుకు కబురు వెళుతుంది. పక్కనున్న రెండు చిన్న సంచుల్లో కాల్షియం కార్బనేట్ స్ఫటికాలుంటాయి. పైన ఏది, కింద ఏది అన్నది వాటి బరువు చెబుతుంది.

కదలకుండా ఉన్నా రెండు చెవులూ సమానంగా కబుర్లు పంపుతూనే ఉంటాయి. ఒకటి హఠాత్తుగా మూగబోతే, మెదడు మంచి చెవి వైపు తల తిరుగుతోందని పొరబడుతుంది. మనిషి మాత్రం దెబ్బతిన్న చెవి వైపు ఒరుగుతాడు.

నిలబడడానికి చెవితో పాటు కళ్లు, పాదాలు కూడా సాయపడతాయి. పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు కట్టుకుని, 30 సెకన్లు కళ్లు మూసుకోండి. కొద్దిగా ఊగుతారు, అంతే. మెత్తటి దిండు మీద అదే చేస్తే పాదాల కబురు కూడా మసకబారి, భారమంతా చెవి మీద పడుతుంది. రెండు చెవులూ దెబ్బతిన్నవాళ్లు ఇక్కడే పడిపోతారు. అందుకే చేతికందే దూరంలో ఒక పెద్ద మనిషి లేకుండా ఈ పని చేయకండి.

లోపలి చెవి దెబ్బతిన్నవాళ్లు కాళ్లు ఎడం చేసి, మెడ బిగబట్టి, నేలనే చూస్తూ నడుస్తారు. భయం సహజమే, కానీ తల కదలకపోతే మెదడు కొత్త లెక్క నేర్చుకోదు. డాక్టరు సరేనన్నాక కూర్చుని, చెయ్యి చాపి బొటనవేలిని చూస్తూ తలను అటూ ఇటూ ఒక నిమిషం తిప్పాలి. వేలు స్పష్టంగా కనబడేంత వేగమే చాలు. కాస్త కళ్లు తిరగడం మామూలే, ఆ తేడా చూసే మెదడు దిద్దుకుంటుంది.

పక్క మీద ఒత్తిగిలితే నిమిషంలోపు గిర్రున తిరిగి ఆగిపోతే, స్ఫటికాలు కుల్యలోకి జారి ఉండొచ్చు. మాత్రలు వాటిని కదపలేవు. ఈ పని తెలిసిన వైద్యులు తలను వరుసగా తిప్పి వాటిని కుల్యలోంచి బయటికి చేరుస్తారు.

ఇలా కళ్లు తిరిగేవాళ్లను వెనక నుంచి పిలవకండి, గిరుక్కున తిరిగి తూలుతారు. చెయ్యి లాగకుండా మీ మోచెయ్యి అందించండి. రాత్రి చిన్న దీపం వెలగనివ్వండి. కళ్లు తిరగడంతో పాటు మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనబడినా, చెవి అనుకుని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని పెద్దవాళ్లకు చెప్పండి.

మీ తాతయ్య