బొంత విప్పి చూస్తే

మనవలకు, మనవరాళ్ళకు ఆశీస్సులు.

'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నవలలో ఇన్ని ఊళ్ళూ వంశాలూ భాషలూ ఉన్న లోకాన్ని ఇంగ్లీషు రచయిత టోల్కీన్ ముందుగానే అంతా అనుకొని రాశారా అని అడిగారు. అలా జరగలేదని ఆయన చిత్తుప్రతులే చెబుతున్నాయి.

మా నాయనమ్మ బొంత కుట్టేటప్పుడు పైకి మంచి చీర వేసి, లోపల పాత పంచెలూ చిరిగిన చొక్కాలూ పరిచేది. మళ్ళీ కుట్టడానికి దాన్ని విప్పిన రోజున పిల్లలమంతా చుట్టూ చేరి, ఏ గుడ్డ ఎవరిదో గుర్తుపట్టడానికి పోట్లాడుకొనేవాళ్ళం. బాబాయి చిన్ననాటి నిక్కరు బయటపడితే ఆయన మీసాలను చూసి నవ్వేవాళ్ళం. ఆ పాత గుడ్డలు లేకపోతే బొంతకు వెచ్చదనం ఎక్కడిది?

1937 డిసెంబరులో మొదలైన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' కథ కూడా అటువంటి బొంతే. మీకు తెలిసిన కథానాయకుడు ఫ్రోడో పేరు మొదటి పొరలో బింగో. బ్రీ ఊరి సత్రంలో మూల కూర్చున్న స్ట్రైడర్ చివరికి రాజవంశీకుడని తేలుతాడు కదా; ఆ మొదటి పొరలో రాజవంశీకుడు కాదు సరికదా, మనిషైనా కాదు. చెక్కచెప్పులు వేసుకొన్న ట్రాటర్ అనే హాబిట్, అంటే ఆ కథల్లోని పొట్టిజాతివాడు. అతను ఎవరో అప్పట్లో తనకూ తెలియదని రచయితే తరువాత రాసుకొన్నారు. విచిత్రమేమిటంటే, ఆ సత్రంలోని సంభాషణ చాలావరకు అలాగే నిలిచింది. మాట్లాడేవాడు మాత్రం మారిపోయాడు. చెట్టుతాత వంటి ట్రీబియర్డ్ అయితే మొదట మాంత్రికుడు గాండాల్ఫ్‌ను బంధించిన దుష్ట రాక్షసుడు!

కాగితం కరువైన రోజుల్లో ఆయన విద్యార్థుల పరీక్షపత్రాల వెనుక కూడా రాశారు. పెన్సిల్ రాతమీదే సిరాతో తిరగరాశారు. కథ మారినప్పుడల్లా ఆ లోకపు దేశపటం మీద కొత్త కాగితాలు అంటించారు. ఆ పొరలనూ, తండ్రి ఇతర చిత్తుప్రతులనూ కుమారుడు క్రిస్టొఫర్ ఓపికగా విప్పి, 1983 నుంచి 1996 వరకు పన్నెండు సంపుటాలుగా ప్రచురించారు. కొట్టివేత కనబడితే పేజీ చించేసే మీరు ఈ సంగతిని కాస్త ఆలోచించాలి.

అన్నిటికంటే నాకు నచ్చినది చంద్రుడి సంగతి. వేరువేరు దారుల్లో వెళ్ళిన పాత్రలకు చంద్రుడు ఒకచోట ఉదయిస్తూ, అదే వేళకు మరొకచోట అస్తమిస్తున్నాడని టోల్కీన్ 1944లో గమనించి, ఒక మధ్యాహ్నమంతా కూర్చొని ఆ అధ్యాయాలను సరిదిద్దారు. పాఠకులలో ఎంతమంది లెక్కచూస్తారని ఆయన ఆలోచించలేదు.

మీరు లెక్కచూడండి. ఈసారి చదివేటప్పుడు చంద్రుడు కనిపించిన ప్రతిచోటా అది ఏ రోజో, నెలవంకో పున్నమో ఒక కాగితం మీద రాసుకొని, వాటి మధ్య రోజుల లెక్కను గోడమీది పంచాంగంలో తిథుల మధ్య లెక్కతో పోల్చి, ఎక్కడైనా తేడా వస్తే నాకు రాయండి.

మీ తాతయ్య