పద్యం పాడినవారు ఏ రంగం వారు?

విశాఖపట్నం అల్లిపురంలో ఒక పాత ఇంటి ముందుగది. గోడ మీద మూడు వరుసల్లో షీల్డులు, వాటి కింద బీరువాలో మడతపెట్టిన శాలువాలు, పక్కనే గుడ్డ కప్పిన హార్మోనియం. ఎనభై దాటిన ఒక రంగస్థల కళాకారుని తరఫున ఆయన కొడుకు ఒక పురస్కారానికి దరఖాస్తు నింపుతున్నారు. పేరు, ఊరు, వయసు చకచకా రాసేశారు. ‘రంగం’ అన్న గడి దగ్గర కలం ఆగింది. “సంగీతం అని రాయనా నాన్నా, నాటకం అని రాయనా?” అని అడిగారు. పెద్దాయన కాసేపు ఊరుకుని, “పద్యం అని రాయి” అన్నారు. దరఖాస్తులో ఆ మాటకు చోటు లేదు. రెండింటిలో ఏదో ఒకదానికే టిక్కు పెట్టాలి.

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన పేరిట పురస్కారాలు ప్రకటిస్తారు, రంగస్థల కళాకారులకు సన్మానాలు జరుగుతాయి. అప్పుడల్లా పద్య నాటక కళాకారుల మధ్య ఒక పాత బాధ పైకి వస్తుంది. జీవితమంతా గొంతు మీదే బతికిన మనిషిని గాయకుడని ఏ పురస్కారమూ ఎందుకు పిలవదు? ఈ చిక్కు నిన్నమొన్నటిది కాదు. దాని వేళ్లు నూట నలభై ఏళ్ల కిందట ఉన్నాయి.

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వారు తెలుగు సీమలో పర్యటించారు. వారు రాజమహేంద్రవరంలో వేసి వదిలి వెళ్లిన పందిళ్లలోనే కందుకూరి తన విద్యార్థులతో నాటకాలు ఆడించారు. పాటతో నడిచే ఆ నాటకాలు మనవాళ్లను కట్టిపడేశాయి. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకంలో పాటలు, పద్యాలు రాగయుక్తంగా పాడించడం మొదలుపెట్టారు. ఆ తరువాత తిరుపతి వేంకట కవుల భారత నాటకాలు వచ్చాయి, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం వచ్చింది. భారత నాటకాల్లోని పడక సీను, రాయబారం, హరిశ్చంద్రలోని కాటి సీను అంటే చదువురాని రైతు కూడా పద్యాలు అప్పజెప్పే రోజులు వచ్చాయి.

ఇక్కడ ఒక్క విషయం తెలియాలి. పద్యానికి తాళం లేదు. ఉత్పలమాలో, సీసమో ఛందస్సు నడకనే పట్టుకుని, మోహనలోనో కాంభోజిలోనో నాలుగు పాదాలూ లాగి, చివరి పాదం మీద ఆలాపన ఎత్తుకోవాలి. హార్మోనిస్టు నీడలా వెంట రావాలి. ఎంత ఎత్తుకు వెళ్లినా మాట చెదరకూడదు, యతి దగ్గర విరుపు అర్థానికి అడ్డు రాకూడదు, పైగా ముఖంలో కృష్ణుడి చిరునవ్వు చెరగకూడదు. మైకులు లేని కాలంలో ఇదంతా పందిరి చివర నేల మీద కూర్చున్నవారికి వినపడాలి. ఇది సంగీతం కాదంటే నా మనసు ఒప్పుకోదు. అయితే కృతి, రాగం తానం పల్లవి కొలతలుగా ఉన్న కచేరీ సంప్రదాయంలో దీన్ని ఎక్కడ పెట్టాలో సంగీత సభలకు తోచలేదు. తాళం లేని పాటను తూచే తక్కెడ వారి దగ్గర లేకపోయింది.

మొదట్లో ఆ తక్కెడతో పని కూడా లేదు, ఎందుకంటే సత్కారం ప్రేక్షకుల చేతిలోనే ఉండేది. పద్యం నచ్చితే “వన్స్ మోర్” అని కేక. నటుడు కథను అక్కడే ఆపి, అదే పద్యాన్ని మరో సంగతి వేసి, అంటే రాగాన్ని ఇంకో తీరుగా తిప్పి, మళ్లీ పాడేవాడు. ఊరి పెద్ద వేదిక ఎక్కి పతకం గుచ్చేవాడు. కాంట్రాక్టు నాటకాల కాలంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండేవారు. ఒకటో కృష్ణుడు పడక సీనుకు, రెండో కృష్ణుడు రాయబారానికి. ఎవరికి ఎన్ని వన్స్ మోర్‌లు పడ్డాయన్నది తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసిపోయేది. మరుసటి నాటకానికి పారితోషికం తేల్చేది కూడా అదే.

అంతకు వెనుక మన భాషలో సత్కారం అంటే కవికే. శ్రీనాథునికి కనకాభిషేకం, పెద్దనకు గండపెండేరం. ఇరవయ్యో శతాబ్దంలోనూ ఆ మర్యాద కొనసాగింది. గుర్రం జాషువా కాలికి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా గండపెండేరం తొడిగిన సంఘటన తెలుగువారు గర్వంగా చెప్పుకునేది. ఆ జాషువా రాసిన శ్మశాన పద్యాలే కాటి సీనులోకి వచ్చి చేరాయి. వాటిని పుస్తకంలో చదివినవారికంటే హరిశ్చంద్రుడి గొంతులో విన్నవారే ఎక్కువ అనడంలో అతిశయం లేదు. పద్యం రాసిన కాలికి పెండేరం, పాడిన గొంతుకు చప్పట్లు. ఆ తేడా అప్పుడు ఎవరికీ తప్పుగా తోచలేదు.

నటులకు బంగారం దక్కలేదని కాదు. స్త్రీ పాత్రల్లో సాటిలేని స్థానం నరసింహారావుకు రంగూన్ తెలుగువారు బంగారు కిరీటం పెట్టారు. తులాభారం నాటకంలో సత్యభామగా ఆయన పాడిన పాట ఎన్ని తరాల నోళ్లలో నానిందో లెక్కలేదు. 1954లో పద్మ పురస్కారాలు మొదలైతే 1956లోనే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నోట్లో వేలు పెట్టి ఈలతోనే పద్యం పలికించిన కల్యాణం రఘురామయ్యకు 1973లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1975లో పద్మశ్రీ వచ్చాయి. పేరుకు ముందే ‘ఈలపాట’ అని చేరిన మనిషి ఆయన. అకాడమీ మాత్రం ఆయనను చేర్చుకున్నది నాటక విభాగంలో.

అసలు మలుపు అక్కడే ఉంది. కేంద్ర సంగీత నాటక అకాడమీ 1952లో ఏర్పడింది. దాని పేరులోనే సంగీతం, నాటకం పక్కపక్కన ఉన్నా, పురస్కారాల జాబితాలో అవి వేర్వేరు గదులు. సంగీతం ఒకటి, నృత్యం ఒకటి, నాటకం మరొకటి, జానపద సంప్రదాయ కళలు ఇంకొకటి. ఒక జాతీయ సంస్థ పని చేయాలంటే విభాగాలు తప్పవు, దాన్ని తప్పు పట్టను. కానీ పద్యం పాడేవారు ఆ గోడ మీద నిలబడి ఉన్నారు. నాటకం గదిలోకి వెళ్తే అక్కడ కొలిచేది నటన.

అదే కాలంలో ఇంకో దెబ్బ. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. మన గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరులు, ఆ మెట్ల మీద పలకవన్నది పండితుల అభ్యంతరం. ఆ నిషేధం సడలింది 1971లో. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది, అంటే పుట్టిన నాటి నుంచి ఎనిమిదేళ్ల పాటు అది హార్మోనియం లేని స్టూడియో. కచేరీ గాయకుడికి వీణ, వయొలిన్ ఉన్నాయి. పద్య గాయకుడికి శ్రుతి, నీడ, ఊపిరి అన్నీ హార్మోనియమే. గ్రామఫోను ప్లేట్లలో ఇంటింటా మోగిన ఆ జత రేడియోలో చాలాకాలం విడిపోయి ఉండిపోయింది.

రాష్ట్రంలో 1957లో వెలసిన సంగీత నాటక అకాడమీ 1983లో రద్దయింది. నాటకానికి నంది పురస్కారాలు 1998లో మొదలయ్యాయి. వాటిలో పద్య నాటకానికి విడిగా ఒక విభాగం ఏర్పరచడం నిజంగా మేలు చేసింది. దానివల్లే అనేక సమాజాలు కొత్త పద్య నాటకాలు రాయించుకున్నాయి, కుర్రవాళ్లు హార్మోనియం ముందు కూర్చున్నారు.

విశాఖపట్నం కథ కొంచెం వేరు. పక్కనున్న విజయనగరంలో 1892లో కన్యాశుల్కం తొలిసారి ఆడింది. వాడుక భాషలో వచన నాటకానికి ఈ ప్రాంతం పుట్టినిల్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుగా ఉన్న కె.వి. గోపాలస్వామి ఎక్స్‌పెరిమెంటల్ థియేటర్‌ను, కళాశాలల నాటక పోటీలను పెంచి పోషించినప్పుడు అక్కడా పెద్దపీట వచనానిదే. నగరంలో పెద్ద నాటకశాలకు గురజాడ పేరే ఉంది. ఉండవలసిందే, అందుకు నాకూ గర్వమే. కానీ అదే నగరం చుట్టూ గాజువాక, అనకాపల్లి, భీమిలి వైపు ఊళ్లలో గ్రామదేవత పండుగ వస్తే రాత్రంతా మోగింది పద్యమే. చదువుకున్న విశాఖ వచనాన్ని మెచ్చింది, పండుగ చేసుకున్న విశాఖ పద్యాన్ని పిలిపించుకుంది. సన్మానపత్రాలు మొదటి విశాఖలో అచ్చయ్యాయి.

విశ్వవిద్యాలయం ఇచ్చే ‘కళాప్రపూర్ణ’ ఈ నగరం తెలుగువారికి ఇచ్చిన గొప్ప గౌరవం. నాటకాలు రాసిన వేదం వేంకటరాయ శాస్త్రి, చిలకమర్తి లక్ష్మీనరసింహం దాన్ని అందుకున్నారు. విశాఖలో పెరిగి, వయొలిన్‌తో దేశాన్ని మెప్పించిన ద్వారం వేంకటస్వామి నాయుడు అందుకున్నారు. జాషువా అందుకున్నారు. రాసినవారిని, వాయించినవారిని ఇలా గుర్తుచేసుకుంటున్నప్పుడు పాడినవారు నాకు మరింతగా గుర్తొస్తారు.

ఈ చిక్కు మనకొక్కరికేనా అని చూస్తే, పాటతో నాటకం నడిపే ఇంకో లోకం ఉంది. అది పాశ్చాత్యుల ఒపేరా. అక్కడా మైకు లేకుండానే పాడతారు, అక్కడా వేషం కట్టాలి, ఏడవాలి, చావాలి. కానీ ఆ కళాకారులను ఎవరూ నటులు అనరు. ముందు గాయకులు, తరువాతే మిగతావి. జర్మనీ, ఆస్ట్రియాలలో ఒకప్పుడు రాజులు ఆస్థాన గాయకులకు ఇచ్చిన ‘కామర్‌సేంగర్’ బిరుదును రాజులు పోయాక ప్రభుత్వాలు కొనసాగించాయి. బిరుదులోనే గాయకుడన్న మాట ఉంది. ఆస్ట్రేలియా గాయని జోన్ సదర్లాండ్‌కు బ్రిటన్ 1979లో ‘డేమ్’ హోదా ఇచ్చింది, 1991లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది. అంతకుముందే, 1960లో, వెనిస్ ప్రేక్షకులు ఆమెకు ‘లా స్టుపెండా’ అని పేరు పెట్టేశారు. అద్భుతమైన మనిషి అని అర్థం. లోకం ఆమెను ఈనాటికీ ఆ పేరుతోనే తలుచుకుంటుంది.

నల్లజాతి గాయని లియొంటైన్ ప్రైస్ 1961లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో తొలిసారి పాడిన రాత్రి చప్పట్లు 42 నిమిషాలు ఆగలేదు. మూడేళ్ల తరువాత అమెరికా అధ్యక్షుని స్వేచ్ఛా పతకం ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఆ మూడేళ్ల ఎడం చూస్తే నాకు అసూయ కలుగుతుంది. జనం మెచ్చిన మూడేళ్లకే రాజ్యం మెచ్చింది.

వన్స్ మోర్ మీద కూడా అక్కడ పెద్ద చరిత్రే ఉంది. కథ ఆగిపోతుందని, గాయకుడు పాత్ర నుంచి బయటికి వస్తాడని మిలాన్‌లోని లా స్కాలా నాటకశాల దాన్ని మాన్పించింది. 1933 తరువాత అక్కడ ఏ గాయకుడూ ఒంటరిగా పాడే పాటను రెండోసారి పాడలేదు. 2007 ఫిబ్రవరిలో పెరూ గాయకుడు హువాన్ డియేగో ఫ్లోరెస్, తొమ్మిదిసార్లు తారస్థాయి అందుకోవలసిన పాట పాడితే సభ ఊరుకోలేదు. ఆయన మళ్లీ పాడారు. 74 ఏళ్ల కట్టు తెగింది. ఈ సంగతి చెప్పగానే అల్లిపురం పెద్దాయన లేచి కూర్చున్నారు. “అయితే వాళ్లకూ పడతాయా వన్స్ మోర్‌లు!” అన్నారు. మన వన్స్ మోర్‌లను నాటకానికి పట్టిన రోగమని విమర్శకులు తిట్టిన రోజులు ఆయన చూశారు. పాత్రౌచిత్యం మాట నిజమే. అయినా ఆ కేక ఒక్కటే గొంతుకు గొంతుగా దక్కిన బిరుదు అన్నదీ నిజమే.

ఈ మధ్య కాలంలో గుర్తింపు కొంత ఇటు తిరిగింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సంప్రదాయం నుంచి రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. 2020లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన యడ్ల గోపాలరావుకు వచ్చింది. హరిశ్చంద్రుణ్ని వెంటాడే నక్షత్రకుని వేషంతో పల్లెపల్లెనూ మెప్పించిన నటుడాయన. ఆ వార్త వచ్చిన నాడు ఉత్తరాంధ్ర నాటక సమాజాలు పండుగ చేసుకున్నాయి. 2023లో కోట సచ్చిదానంద శాస్త్రికి, 2024లో డి. ఉమామహేశ్వరికి హరికథలో పద్మశ్రీలు వచ్చాయి. పాట, మాట, అభినయం మూడూ ఒక్క మనిషిలోనే ఉండే హరికథకు దక్కిన మన్నన పద్య నాటకానికి కూడా ధైర్యం ఇస్తుంది.

చేయవలసిన పని పెద్దది కాదు. ఏ పురస్కారమైనా దరఖాస్తులో ‘రంగస్థల గానం’ అని ఒక గడి చేర్చాలి. ఎంపిక సంఘంలో నటనను చూసే కన్నుతో పాటు పద్యం వినే చెవి ఒకటి ఉండాలి. ఇంకా పాడగలిగినవారి గొంతులను హార్మోనియంతో సహా రికార్డు చేసి విశ్వవిద్యాలయంలో భద్రపరచాలి. ఆ గొంతులు ఇక ఎన్నాళ్లో ఉండవు కనుక ఈ మూడోది అన్నిటికంటే ముందు కావాలి.

అల్లిపురంలో ఆ సాయంత్రం కొడుకు చివరికి ‘నాటకం’ దగ్గర టిక్కు పెట్టారు. తరువాతి గడి ‘పొందిన గౌరవాలు’. ఆయన గోడ మీది షీల్డులు ఒక్కొక్కటీ చదివి రాయబోతుంటే పెద్దాయన ఆపారు. ముందు ఇది రాయమన్నారు: “కశింకోట. రాయబారం. ఒకే పద్యానికి మూడు వన్స్ మోర్‌లు.” కొడుకు తలెత్తి ఆయన వైపు చూసి, మొదటి వరుసలో అదే రాశారు.