మూలుగలోని ఒక మార్పు, రెండు జబ్బులు

ఎముకల మూలుగలోని మూలకణాలు జీవితాంతం రక్తకణాలను తయారుచేస్తూనే ఉంటాయి. అవి విభజన చెందేటప్పుడు డీఎన్‌ఏలో చిన్న మార్పులు దొర్లుతాయి. వాటిలో అధిక భాగం వల్ల ఏ హానీ లేదు. అయితే టెట్2, డీఎన్‌ఎంటీ3ఏ వంటి జన్యువుల్లో మార్పు వస్తే, ఆ మూలకణం తోటి కణాలను మించి నిలదొక్కుకుంటుంది, దాని సంతతి రక్తంలో క్రమంగా పెరిగిపోతుంది. 70 ఏళ్లు దాటిన వారిలో ప్రతి పదిమందిలో ఒకరికైనా ఈ స్థితి ఉంటుందని 2014లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. దీనికి లక్షణాలేవీ ఉండవు. మామూలు రక్తపరీక్షలోనూ బయటపడదు.

ఇలాంటి వారికి రక్త క్యాన్సర్ వచ్చే అవకాశం ఏడాదికి సుమారు 0.5 నుంచి 1 శాతం. కానీ వారిలో కనిపించిన అదనపు మరణాలకు ఆ క్యాన్సర్ ఒక్కటే కారణంగా సరిపోలేదు. మిగతా కారణం కోసం వెతికితే తేలినది గుండె జబ్బు. సిద్ధార్థ జైస్వాల్, ఆయన సహపరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ మార్పులున్న వారికి గుండె ధమనుల జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు.

రక్తంలోని లోపం ధమని గోడను ఎలా చేరుతుంది? కొలెస్టరాల్ పేరుకున్న చోటికి మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు చేరుకుంటాయి. అవి కూడా మూలుగ సంతతే. టెట్2 లోపించిన మూలుగను ఎలుకలకు ఎక్కించినప్పుడు, ఆ మాక్రోఫేజ్‌లు ఇన్‌ఫ్లమేషన్‌ను (శరీర రక్షణ వ్యవస్థ స్పందనగా వచ్చే వాపు, మంట) రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేతాన్ని అతిగా వెలువరించాయి, ధమనుల్లో పూడిక పెరిగింది.

ఆ సంకేతాన్నే అడ్డుకునే కనకినుమాబ్ అనే మందును, అంతకుముందే గుండెపోటు వచ్చిన 10 వేల మందికి పైగా రోగులతో జరిపిన కాంటోస్ ప్రయోగంలో పరీక్షించారు. 2017లో వచ్చిన ఫలితాల్లో, కొలెస్టరాల్ తగ్గకుండానే, 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్న వారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. అంతకన్నా ఆసక్తికరమైన విషయం, ఎక్కువ మోతాదు తీసుకున్న వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా గణనీయంగా తగ్గడం. అయితే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు కొంత పెరిగాయి. ఈ నష్టాన్ని తక్కువగా చూడకూడదు.

ఈ ఉత్సాహంతో అదే మందును ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకే ఇచ్చి చూసిన తర్వాతి ప్రయోగాలు విఫలమయ్యాయి. ఇంకా బయటపడని కణితి ఎదుగుదలకు ఇన్‌ఫ్లమేషన్ దోహదం చేస్తుండవచ్చు. ఒకసారి వేళ్లూనుకున్న కణితికి మాత్రం దాని అవసరం అంతగా ఉండకపోవచ్చు. నాకు సబబుగా తోచే వివరణ ఇదే, కానీ ఇంకా రుజువు కాలేదు.