ఒక్క లెన్స్‌తో టూరంతా: ట్రావెల్ జూమ్‌పై అపోహలు - వాస్తవాలు

కెమెరా కొన్నాక మొదటి టూర్‌కి బ్యాగు సర్దుకునేటప్పుడు అందరూ అడిగేది ఒకటే: "అన్నిటికీ సరిపోయే ఒక్క లెన్స్ ఏదండీ?" ప్రయాణాల ఫొటోలు తీయడమే నా పని కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. 18-200, 24-240, 28-400 లాంటి ఆల్-ఇన్-వన్ జూమ్‌ల గురించే వాళ్ల ఆలోచన. ఈ అంకెలు ఎంఎంలలో లెన్స్ ఫోకల్ లెంగ్త్: చిన్నదైతే ఎక్కువ విశాలంగా, పెద్దదైతే దూరాన్ని దగ్గరగా చూపిస్తుంది. అడిగిన నోటితోనే అనుమానాలూ బయటపెడతారు. క్వాలిటీ పోతుందట కదా, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ రాదట కదా, ప్రొఫెషనల్స్ వీటిని ముట్టుకోరట కదా అని. వీటిలో చాలావరకు పాత తరం లెన్సుల మీద పుట్టి ఇప్పటికీ తిరుగుతున్న మాటలు. నిజంగా ఆలోచించాల్సినవి వేరే ఉన్నాయి, వాటిని మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: "11ఎక్స్ జూమ్ అంటే 11 రెట్లు దగ్గరగా చూపిస్తుంది"

ఇది ఫోన్ల నుంచి వచ్చిన అలవాటు. ఫోన్‌లో 5ఎక్స్ అంటే మెయిన్ కెమెరా చూపించేదానికి 5 రెట్లు పెద్దగా అని. లెన్సుల దగ్గర ఎక్స్ అంటే వట్టి భాగహారం. పెద్ద ఎంఎంని చిన్న ఎంఎంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 18-200 లెన్స్ 11ఎక్స్, 100-400 లెన్స్ 4ఎక్స్. కానీ చెట్టు చివర కూర్చున్న పక్షిని పెద్దగా చూపించేది ఆ 4ఎక్స్ లెన్సే. కాబట్టి ఎక్స్ సంగతి వదిలేసి, రెండు చివర్లలో ఉన్న ఎంఎం అంకెల్ని విడివిడిగా చూడండి. ముఖ్యంగా మొదటిదాన్ని.

అపోహ: "చివరి అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది"

తప్పు లెన్స్ కొనిపించే అపోహల్లో నా లెక్కన మొదటిది ఇదే. కౌంటర్ దగ్గర నిలబడితే 300 కంటే 400 గొప్పగా వినిపిస్తుంది. మొదటి అంకె 24 అయినా 28 అయినా పెద్ద తేడా ఏముందిలే అనిపిస్తుంది. లెక్క చూస్తే ఇది తలకిందులు.

ఫుల్ ఫ్రేమ్ కెమెరా (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్నది) మీద 24 ఎంఎం దగ్గర లెన్స్ మూల నుంచి మూలకి సుమారు 84 డిగ్రీలు చూస్తుంది. 28 దగ్గర 75 డిగ్రీలే. నాలుగంటే నాలుగు ఎంఎం జరిగితే తొమ్మిది డిగ్రీలు పోయాయి. అదే 300 నుంచి 400కి వెళ్లండి, చూపు 8 డిగ్రీల నుంచి 6కి వస్తుంది. వంద ఎంఎం పెరిగితే రెండు డిగ్రీల తేడా.

ఆ తొమ్మిది డిగ్రీలు ఎప్పుడు గుర్తొస్తాయో చెబుతాను. ఇరుకు వీధిలో నిలబడి ఎదురుగా ఉన్న కోట గుమ్మాన్ని మొత్తంగా తీయాలి. వెనక్కి జరుగుదామంటే వీపుకి గోడ తగులుతోంది. 28 దగ్గర గుమ్మం పై అంచు తెగిపోతోంది, 24 ఉంటే పట్టేది. గది లోపల, పడవలో, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు ఇదే పరిస్థితి. కదలని దృశ్యమైతే రెండు మూడు ఫొటోలు తీసి తర్వాత కలుపుకోవచ్చు. జనం నడుస్తున్న వీధిలో అలా చేస్తే అతుకు దగ్గర సగం మనుషులు కనబడతారు.

టెలీ వైపు, అంటే పెద్ద అంకె వైపు, తక్కువైతే క్రాప్ చేసుకునే (కత్తిరించుకునే) వీలుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాతో 200 దగ్గర తీసిన ఫొటోని, 300 దగ్గర ఎంత కనిపిస్తుందో అంతవరకు కత్తిరిస్తే సుమారు 10.7 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. 300 డీపీఐ లెక్కన ఏ4 ప్రింట్‌కి కావాల్సింది 8.7. 4కే టీవీ తెర మొత్తం కలిపినా 8.3. అంటే 200 లెన్స్ కొన్నా 300 దాకా పెద్దగా లోటు లేదు. ఫ్రేమ్‌లోకి రాని గుమ్మం అంచుని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఏపీఎస్-సీ కెమెరా (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్నది) వాడేవాళ్లు ఇక్కడ ఇంకో గుణకారం చేయాలి. నికాన్, సోనీ, ఫ్యూజీల్లో 1.5తో, కెనాన్‌లో 1.6తో. 18తో మొదలయ్యే లెన్స్ చూపు ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 27 నుంచి 29 మధ్య పడుతుంది, 24 కాదు. అందుకే 2025లో సిగ్మా ఏపీఎస్-సీకి 16-300 తెచ్చినప్పుడు నాకు 300 కంటే ఆ 16ని చూసే ఎక్కువ సంతోషమేసింది. అదే ఏడాది ఫుల్ ఫ్రేమ్‌కి వాళ్లే 20-200 కూడా తెచ్చారు. ఈ లెన్సులు ఎటువైపు సాగాలో అటే సాగుతున్నాయని నా అభిప్రాయం.

పక్షులు, అడవి జంతువుల కోసమే వెళ్లేవాళ్లకి ఈ లెక్క వర్తించదు. వాళ్లకి 400 కూడా చాలదు. వాళ్లు చూడాల్సిన లెన్సులే వేరు.

అపోహ: "ఇలాంటి లెన్సుల్లో షార్ప్‌నెస్ ఉండదు"

ఒకప్పుడు నిజమే. టామ్రాన్ 1992లో తెచ్చిన 28-200తో ఈ రకం లెన్సులు జనంలోకి వచ్చాయి. ఆ తరం లెన్సులతో తీసిన ఫొటోల్లో చివర్లు మెత్తబడేవి, నిటారు గోడలు వంపు తిరిగేవి. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలొచ్చాక పద్ధతి మారింది. ఇప్పుడు సగం దిద్దుబాటు గాజు చేస్తే మిగతా సగం సాఫ్ట్‌వేర్ చేస్తోంది. కెనాన్ ఆర్ఎఫ్ 24-240తో 24 దగ్గర తీసిన రా ఫైల్‌ని (కెమెరా దిద్దకుండా ఇచ్చే ఫైల్‌ని) ఏ కరెక్షనూ లేకుండా తెరిస్తే మూలలు నల్లగా ఉంటాయి, గీతలు వంగి ఉంటాయి. ఆ లెన్స్ కరెక్షన్ ప్రొఫైల్ ఆన్ చేయగానే ఫొటో సాగి సర్దుకుంటుంది. ఇది మోసమని కోప్పడేవాళ్లున్నారు. ప్రింట్‌లో గోడ నిటారుగా ఉంటే నాకు చాలు. కాకపోతే సాగదీసిన మూలల్లో వివరం కాస్త పలచబడుతుంది కాబట్టి, వైడ్‌లో (చిన్న అంకె దగ్గర) గ్రూప్ ఫొటో తీసేటప్పుడు మనుషుల్ని అంచుల దాకా నిలబెట్టకండి. చివరున్నవాళ్ల ముఖాలు సాగి కూడా వస్తాయి.

టెలీ చివర, అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) పూర్తిగా తెరిచినప్పుడు, మంచి ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) పక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. ఎఫ్/8కి మూస్తే చాలావరకు సర్దుకుంటుంది. కానీ "200 దగ్గర మసకగా వస్తోందండీ" అని నాకు చూపించే ఫొటోల్లో ఎక్కువభాగం లెన్స్ తప్పు కాదు. కొన్ని చెయ్యి కదిలినవి. మిగతావి గాలి చేసిన పని. మిట్టమధ్యాహ్నం వేడెక్కిన నేల మీంచి కిలోమీటర్ల దూరంలోని కొండని తీస్తే మధ్యలో గాలి అలలు అలలుగా కదులుతూ ఉంటుంది. అక్కడ ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా అంతే. పొద్దున్నే రండి, అదే లెన్స్‌తో అదే కొండ తేటగా వస్తుంది.

అపోహ: "స్టెబిలైజేషన్ ఉంటే చీకట్లోనూ ఢోకా లేదు"

ఈ లెన్సుల అసలు బలహీనత వెలుతురు దగ్గరే ఉంది. అందరూ షార్ప్‌నెస్ గురించి టెన్షన్ పడతారు గానీ దీని గురించి పడరు.

స్టెబిలైజేషన్ ఆపేది మన చేతి వణుకుని. ఎదుటి మనిషి కదలికని కాదు. మ్యూజియంలో కదలని విగ్రహాన్ని పదో వంతు సెకనులో చేత్తో పట్టుకుని తీయొచ్చు, చక్కగా వస్తుంది. అదే సాయంత్రం వేదిక మీద నాట్యం చేస్తున్నవాళ్లని ఆ స్పీడులో తీస్తే వెనక తెర స్పష్టంగా, మనిషి పొగలా వస్తారు. నాట్యానికి 1/250 అయినా కావాలి. అంత వేగంగా షట్టర్ మూసుకుంటే సెన్సర్ మీద పడే వెలుతురు తగ్గుతుంది. దాన్ని పెద్ద అపెర్చరో, ఎక్కువ ఐఎస్ఓనో (సెన్సర్ సున్నితత్వమో) భర్తీ చేయాలి. 6.3ని 1.8తో భాగించి వర్గం చేసి చూడండి, 12 వస్తుంది. ఎఫ్/1.8 ప్రైమ్‌తో ఐఎస్ఓ 800లో అయ్యే పనికి ఎఫ్/6.3 దగ్గర ఐఎస్ఓ 10,000 దాకా వెళ్లాలి.

పైగా లెన్స్ మీద "4-6.3" అని రాసి ఉంటే 6.3 అనేది ఆఖర్లో ఎక్కడో వస్తుందనుకుంటారు. నేను పైన చెప్పిన కెనాన్ 24-240లో 100 ఎంఎం కాస్త దాటగానే 6.3కి చేరిపోతుంది. కొనేముందు కెమెరాకి తగిలించి 50, 70, 100 దగ్గర ఆపి, తెర మీద కనిష్ఠ ఎఫ్ అంకె ఎంత చూపిస్తోందో చూడండి. స్పెసిఫికేషన్ల పట్టికలో ఇది మామూలుగా ఉండదు.

మొదలయ్యే అపెర్చర్ కూడా ముఖ్యం. సోనీ కెమెరాలకి టామ్రాన్ 2020లో తెచ్చిన 28-200 వైడ్ దగ్గర ఎఫ్/2.8 ఇస్తుంది, బరువు 575 గ్రాములే. నాకు నచ్చే లెన్స్. కానీ అందులో స్టెబిలైజేషన్ లేదు, కెమెరా బాడీలో ఉండాల్సిందే. బాడీలో లేని పాత మోడల్‌కి దాన్ని తగిలించి తర్వాత తలపట్టుకునేవాళ్లు ఉంటారు.

నేనిచ్చే సలహా ఒకటే. ఆల్-ఇన్-వన్ తీసుకోండి, దానితోపాటు ఎఫ్/1.8 చిన్న ప్రైమ్ ఒకటి జేబులో పడేసుకోండి. ఫుల్ ఫ్రేమ్‌కి 35 లేదా 50, ఏపీఎస్-సీకి 24 లేదా 35. సూర్యుడు దిగాక లెన్స్ మార్చేయండి. రెండోది వద్దే వద్దంటే, రాత్రి ఫొటోల్లో నాయిస్‌కి (చుక్కచుక్కలుగా రావడానికి) ముందే సిద్ధపడి వెళ్లండి.

అపోహ: "ఎఫ్/6.3తో బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ రాదు"

వస్తుంది. దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఎంత కరుగుతుందన్నది లెన్స్ లోపలి రంధ్రం ఎంత వెడల్పుగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ అంకెతో భాగిస్తే ఆ వెడల్పు తెలుస్తుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 అంటే దాదాపు 28 ఎంఎం రంధ్రం. 200 ఎంఎం ఎఫ్/6.3 అంటే దాదాపు 32. మనిషిని ఫ్రేమ్‌లో అదే సైజులో ఉంచితే వెనకున్న దూరపు కొండ ఈ రెండోదాంట్లోనే ఎక్కువ కరుగుతుంది. కాకపోతే మీరు నాలుగు రెట్లు వెనక్కి వెళ్లాలి, మనిషికి ఆనుకునే గోడ ఉండకూడదు. మరీ దగ్గర్లోని పువ్వునో ఉంగరాన్నో తీసేటప్పుడు ఈ లెక్క అంత నమ్మకండి. దగ్గర ఫోకస్‌లో చాలా జూమ్‌ల ఫోకల్ లెంగ్త్ లోలోపలే తగ్గిపోతుంది, లెన్స్ మీద 200 అని ఉన్నా అంత చూపించవు.

అపోహ: "ఎఫ్/8 దగ్గర ఆటోఫోకస్ పనిచేయదు"

డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) కాలం నాటి మాట. వాటి ఫోకస్ పాయింట్లు ఎక్కువగా ఎఫ్/5.6 వరకే గ్యారంటీగా పనిచేసేవి. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ పని సెన్సరే చూసుకుంటుంది. నికాన్ 28-400 చివర ఎఫ్/8 ఉన్నా, కెనాన్ ఎఫ్/11 టెలీ లెన్సులు అమ్ముతున్నా అందుకే. మసక వెలుతుర్లో మాత్రం ఫోకస్ కాస్త తడుముకుంటుంది.

అపోహ: "ఒక్కటే లెన్స్ కాబట్టి బరువు తక్కువ, దుమ్ము బెడద ఉండదు"

ఒక్కటే అయినా దేనిదనేది చూడాలి. నికాన్ జడ్ 24-200 బరువు 570 గ్రాములు. కెనాన్ 24-240 బరువు 750, సోనీ 24-240 బరువు 780. పైన కనిపించే 40 ఎంఎం కోసం 200 గ్రాములు అదనంగా మోస్తామన్నమాట. ఏపీఎస్-సీకి సోనీ 18-135 అయితే 325 గ్రాములే, రోజంతా మెడలో ఉన్నా గుర్తురాదు. చిన్న బాడీకి బరువైన లెన్స్ తగిలిస్తే ముందుకు వాలిపోతుంది, సాయంత్రానికి మణికట్టు చెబుతుంది. మెడలో వేలాడుతున్నప్పుడు లెన్స్ దానంతటదే జారి సాగిపోకుండా పక్కన లాక్ బటన్ ఉందో లేదో చూసుకోండి.

దుమ్ము విషయంలో సగం నిజం ఉంది. లెన్స్ మార్చే పని లేకపోతే సెన్సర్ శుభ్రంగానే ఉంటుంది. కానీ జూమ్ తిప్పినప్పుడల్లా గొట్టం బయటికి లోపలికి కదులుతూ సైకిల్ పంపులా గాలి పీలుస్తుంది. ఇసుక లేచే చోట సీలింగ్ (దుమ్ము, తేమ చొరబడకుండా కట్టడి) ఉన్న లెన్స్‌కే ఓటు వేస్తాను. సీలింగ్ ఉన్నా నీళ్లలో ముంచొచ్చని కాదు.

ప్రొఫెషనల్స్ వాడరన్న మాట గురించి ఎక్కువ చెప్పను. ఒలింపస్ 2016లో 12-100ని తన ప్రో లెన్సుల వరసలోనే పెట్టింది. మొదటి నుంచి చివరి దాకా ఎఫ్/4, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24-200. పని కోసం తిరిగేవాళ్లు చాలామంది దాన్నే నమ్ముకున్నారు.

కొనేముందు ఒక పని చేయండి. ఇప్పటికే కెమెరాతోపాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌తో తీసిన ఫొటోలుంటే కంప్యూటర్లో ఫోకల్ లెంగ్త్ వారీగా వేరు చేసి చూడండి. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో దీనికి మెటాడేటా ఫిల్టర్ ఉంటుంది. ఎక్కువ ఫొటోలు 18 దగ్గరే ఆగి ఉంటే మీకు కావాల్సింది వైడ్. అన్నీ 55 దగ్గరికి చేరి ఉంటే టెలీ గురించి ఆలోచించండి.

షాపులో లెన్స్ చేతికిచ్చాక, సరుకు నిండుగా ఉన్న అల్మరానో, ఇటుక గోడనో ఎదురుగా నిటారుగా నిలబడి తీయండి. ఒకసారి వైడ్‌లో, ఒకసారి మధ్యలో, ఒకసారి చివర. పెద్దది చేసి నాలుగు మూలలూ పోల్చండి. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే ఆ లెన్స్ స్వభావం అంతే, కంగారు పడక్కర్లేదు. మూడు బాగుండి ఒక మూల మాత్రమే మసకగా ఉంటే, కెమెరాని కాస్త సరిచేసి మళ్లీ తీయండి. అప్పుడూ అదే మూల మసకగా వస్తే లోపల గాజు పక్కకి ఒరిగి ఉందని అర్థం. ఆ పీస్ వద్దని చెప్పి ఇంకోటి తీయమనండి.